చేత్తో కలపరాదు

"ముక్కలు తడిసినయా తమ్మీ?" అని మా వదిన అడిగినప్పుడు నేను "లేదు" అన్నాను. ఈ విషయంలో నేను నోటితో చెప్పిన అబద్ధం ఆ ఒక్క మాటే. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఏమీ చెప్పలేదు, ఊరుకున్నాను. ఊరుకోవడం అబద్ధం కిందికి రాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కిందటేడు ఏప్రిల్లో మా అన్నయ్య కూతురు యాప్రాల్ నుంచి ఫోన్ చేసేదాకా ఆ సర్దుబాటు బాగానే నడిచింది.

ఆ పిల్లకు పెళ్లయి అప్పటికి ఆరు నెలలు. సొంత ఇల్లు, సొంత డాబా, డాబా నిండా ఎండ. ఇక ఆగుతుందా? ఏ నెలలో ఏది ఊరబెట్టాలో, ఏది ఎండబెట్టాలో వాళ్లమ్మ గోడ కాలెండరు మీద రాసుకున్నదంతా కాపీ చేసుకుంటోంది. "బాబాయ్, మే నెల దగ్గర మమ్మీ 'ఆవకాయ చేత్తో కలపరాదు' అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. ఎందుకు మమ్మీ అంటే రాసింది రాసినట్టు చెయ్యి అంటుంది. మా అత్తగారేమో చేత్తో కలపకపోతే అది ఆవకాయే కాదంటున్నారు. నువ్వు ఆ ఇంట్లోనే పెరిగావు కదా, నీకేమన్నా తెలుసా?" అంది. నాకు తెలుసు. ఆ రెండు గీతలు ఎందుకు పడ్డాయో తెలిసినవాణ్ని ఈ భూమ్మీద నేనొక్కణ్నే. "కనుక్కుని చెప్తానమ్మా" అన్నాను. యాభై దగ్గరపడ్డ మనిషిని, మళ్లీ అదే పని చేశాను. ఫోన్ పెట్టేశాను. ఈసారి చెప్పి తీరాలని అక్కడే నిశ్చయించుకున్నాను. చెప్పడమంటే అంతా చెప్పాలి. కాబట్టి ముందు ఆ కాలెండరు సంగతి చెబుతాను.

అది మొదట మా అమ్మది. మా అమ్మ కృష్ణా జిల్లా మనిషి. నాన్నకు సికింద్రాబాదులో మిషన్ బడిలో ఉద్యోగం దొరికితే అక్కడి కార్ఖానా అనే పేటలో అద్దె ఇంట్లో కాపురం పెట్టింది. నాన్న పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. ఆ ఇంట్లో వంటింటి పక్కన కిటికీ లేని చిన్న గది ఒకటుంది. దాన్ని కొట్టు గది అనేవాళ్లం. చర్చిలో ఏటా ఇచ్చే కాలెండరు అందరి ఇళ్లలోనూ హాల్లో వేలాడితే మా ఇంట్లో ఆ గది తలుపు వెనక వేలాడేది. పైన బైబిలు వాక్యం, కింద తేదీలు, తేదీల పక్క ఖాళీల్లో చీమ తలకాయలంత అక్షరాల్లో అమ్మ రాత. జనవరిలో చింతకాయ, పండుమిరప, బూడిద గుమ్మడికాయ వడియాలు. ఫిబ్రవరిలో కొత్త చింతపండు: గింజ తీసి, ఈనెలు తీసి, ఉండలు చేసి కుండలోకి. మార్చిలో ఎండుమిరపకాయలు. ఏప్రిల్లో అప్పడాలు, సగ్గుబియ్యం వడియాలు, మజ్జిగలో ఊరబెట్టిన మిరపకాయలు. మే అంతా మామిడి. వానాకాలం మూడు నెలలూ "జాడీలు చూడు" అని ఒకటే మాట. వానలు వెనకబట్టాక నిమ్మకాయ, నవంబరులో ఉసిరికాయ, డిసెంబరులో క్రిస్మస్ కేకులోకి ఎండు పళ్లు నానబెట్టడం. ఒకటి ముగిసేలోపు రెండోదానికి జాడీ కడిగి ఎండలో బోర్లించి ఉండాలి.

మా నాన్న ఉన్నప్పుడు మన ఇంట్లో రెండు సంవత్సరాలు నడుస్తున్నాయి, చర్చిలో ఒకటి, కొట్టు గదిలో ఒకటి అనేవాడు. రెండూ ఒక్కోసారి ఢీకొనేవి కూడా. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల నలభై రోజులూ సరిగ్గా మిరపకాయల తొడిమలు తీసే రోజుల్లోనే పడేవి. ఇంటిల్లిపాదీ తుమ్ముతూ, దగ్గుతూ, కళ్ల నీళ్లు కారుస్తూ సాయంత్రం ఆరాధనకు వెళితే, మమ్మల్ని చూసి ఈ కుటుంబానికి ఎంత భక్తి అని ఓ కొత్త పాస్టరుగారు చాలాకాలం పొరబడ్డారట. అమ్మ దిద్దలేదు. మా ఇంట్లో ఊరుకోవడం నాతోనే మొదలవలేదని సరదాకి అంటున్నాను గానీ, ఆ ఊరుకోవడం వల్ల ఎవరికీ నష్టం జరగలేదు.

మా వదిన బన్సీలాల్‌పేట్ పిల్ల. తాతల కాలం నుంచి వాళ్లు ఇక్కడివాళ్లే. ఆమె కోడలుగా వచ్చేనాటికే ఆమెకూ ఊరగాయలు వచ్చు, కాకపోతే వాళ్ల పద్ధతి వేరు. అల్లం, ఎల్లిగడ్డ దంచి వేసి, నూనె కాచి పోస్తారు. మొదటి ఏడాది అత్తగారి ఆవకాయ తిని, "మంచిగుంది అత్తమ్మా, జెర అల్లమేస్తె ఇంకా మంచిగుంటది" అంది. ఆమె మెచ్చుకుంటూనే అంది. మా అమ్మ మాత్రం కంచంలోంచి తల ఎత్తకుండా, "మనింట్లో ఆవకాయంటే ఆవపిండి వాసన రావాలమ్మాయ్. అల్లం వాసన కావాలంటే అల్లం పచ్చడి విడిగా ఉంది" అంది. దాంతో మా వదిన స్థానం నిర్ణయమైపోయింది. రెండేళ్లపాటు ఆమె పని తొడిమలు తీయడం, కాకుల్ని తోలడం, జాడీలు కడగడం. కొట్టు గది తాళంచెవి అమ్మ నడుం దగ్గరే ఉండేది.

మూడో ఏడాది మార్చిలో బెజవాడలో ఉన్న మా చెల్లెలికి పురుటి ముందు ఒంట్లో బాగోలేదు. మంచం దిగొద్దు, ప్రయాణం అసలే చెయ్యొద్దు అన్నాడు డాక్టరు. కూతుర్ని పుట్టింటికి తెచ్చుకోలేక అమ్మే వెళ్లాల్సి వచ్చింది. వెళ్లే ముందు మా వదినను కొట్టు గదిలోకి పిలిచి కాలెండరు ముందు నిలబెట్టి నెల నెలా చదివించింది. ఆఖరికి తాళంచెవి తీసి వదిన కొంగుకు ముడేసింది. "ఒక్క నెల తప్పిందంటే ఏడాదంతా తప్పినట్టే. నవ్వులాట కాదమ్మాయ్" అంది. మా వదిన, "మీరేం ఫికర్ చెయ్యకుండ్రి అత్తమ్మా. రాసింది రాసినట్టే చేస్త" అంది.

నిజంగానే అలాగే చేసింది. అంత పట్టుదల నేను మరొక మనిషిలో చూడలేదు. చంకలో ఏడాది పిల్ల. అన్నయ్యకు రైల్వేలో డ్యూటీ, నెలకు సగం రోజులు ఇంట్లో ఉండడు. మిరపకాయలు ఆడించింది. అప్పడాల పిండి రోకలితో తనే దంచింది. పాత చీరలు డాబా మీద పరిచి తెల్లవారకముందే వడియాలు పెట్టింది. ఒకరోజు చేతులు మండుతుంటే నీళ్ల బకెట్లో ముంచుకుని కూర్చుంది. "ఎందుకొదినా ఇంత అవస్థ? ఈ ఒక్కసారికి బజార్లో కొనుక్కోవచ్చు కదా" అన్నాను. "బజార్ల దొరుకుతయి తమ్మీ. తాళంచెవి దొరుకుతదా?" అని నవ్వింది. తర్వాత నవ్వకుండా, "ఈ ఒక్క ఏడాది నిలబెడితె ఈ ఇంట్ల నేను సుత మనిషినైత. లేకుంటె జిందగంత తొడిమలు తీసుడే" అంది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ప్రభుత్వాఫీసులో గుమస్తాను. ఆమె చెప్పినదాంట్లో నాకు అర్థం కానిది ఏమీ లేదు. తెలియక చేశాను అనడానికి లేదని ఈ మాట రాస్తున్నాను.

మే నెల రెండో శనివారం. మామిడికాయలు కొట్టించుకు రావడం నా వంతు. వదిన ముందురోజే కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టి రెండు సంచుల్లో సర్దింది. మోండా మార్కెట్‌లో కాయలు కొట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. ఒక్కో కాయా టెంకతో సహా నాలుగు దెబ్బల్లో ముక్కలై సంచిలో పడింది. కొట్టినతను సంచి మూతి కడుతూ ఆకాశం వైపు చూసి, "సాబ్, మొగులైంది. ఏడ ఆగకుండ జల్ది పోండ్రి" అన్నాడు. ముక్కు మొహం తెలియని మనిషి, తన పని అయిపోయాక కూడా చెప్పాడు. నేను విన్నాను. విని, స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్ ముందు స్నేహితుడు కనబడి చెయ్యి ఊపితే స్కూటర్ ఆపాను.

ఆ స్కూటర్ కొత్తది. పేరు రాయించుకుని ఏళ్లు ఆగి తీసుకున్నది. దాన్ని వాడికి చూపించాలన్న సంబరం తప్ప నాకు వేరే పని లేదు. సంచులు స్కూటర్ మీదే వదిలి లోపల కూర్చున్నాం. ఒక చాయ్, రెండు బిస్కెట్లు, ఆఫీసులో ఎవడికి ప్రమోషన్ వచ్చిందన్న చర్చ. వాన ఎప్పుడు మొదలైందో చూడలేదు. చూసేసరికి రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. పరిగెత్తుకెళ్లి సంచులు లోపలికి లాక్కొచ్చాను. పావుగంట తడిశాయి. సంచి అడుగున ఎత్తిపట్టుకుంటే నీళ్లు ధారగా కారాయి.

అప్పుడు చేయాల్సిన పని ఒకటే. తిన్నగా ఇంటికెళ్లి, వదినా, తడిపేశాను అని చెప్పడం. ఆ ముక్కలు చెట్నీకో పప్పులోకో వాడుకుని, ఆదివారం మళ్లీ కాయలు తెచ్చుకుంటే సరిపోయేది. నేనేం చేశానంటే స్నేహితుడి గదికి వెళ్లి నేల మీద దుప్పటి పరిచి ముక్కలన్నీ ఆరబోశాను. ఫ్యాను పెద్దది పెట్టి, ఇద్దరం రెండు తువ్వాళ్లతో ఒక్కో ముక్కా తుడిచాం. గంటన్నర తర్వాత ముక్కలు చూడ్డానికి నిగనిగలాడుతూ ఉన్నాయి. "ఎవరికీ తెల్వదు పో" అన్నాడు వాడు. ఇంటికి వస్తుంటే పెరేడ్ గ్రౌండ్ దాటగానే రోడ్డు పొడిగా ఉంది. కార్ఖానాలో చుక్క కూడా పడలేదు. డాబా మీద బట్టలు ఫెళఫెళలాడుతున్నాయి. ఈ ఊళ్లో వాన ఒక వీధిలో కురిసి పక్క వీధిలో కురవదు. ఆ రోజు ఆ అదృష్టం నాకోసమే పట్టిందనుకున్నాను.

వదిన సంచిలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీసి అరచేతిలో పట్టుకుంది. "చల్లగున్నయేంది?" అని ముక్కను చెంపకు ఆనించుకుంది. "తడిసినయా తమ్మీ?"

"లేదు. ఫ్యాను కింద పెట్టించి తెచ్చాను, ఎండకు వాడిపోకుండా" అన్నాను.

"మంచి పని చేసినవ్" అంది. ఆ మెచ్చుకోలు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె ఆవకాయ కలపడం నేను దగ్గరుండి చూశాను. ముక్కల్లో జీడి తీసి, మళ్లీ ఒకసారి పొడి గుడ్డతో తుడిచింది. పెద్ద బేసినులో ఆవపిండి, కారం, ఉప్పు అమ్మ చెప్పిన గిన్నెతోనే కొలిచింది. అల్లం లేదు, ఎల్లిగడ్డ లేదు. నువ్వుల నూనె పోసి మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగునుంచి పైకి, పైనుంచి అడుగుకు, ఒక్క ముక్కకు కూడా పొడి అంటకుండా ఉండకూడదన్నట్టు కలిపింది. చెయ్యంతా ఎర్రగా, నూనెతో మెరుస్తోంది. నాలుగు జాడీలు నిండాయి. బేసినుకు అంటుకున్న పిండిలో వేడి అన్నం వేసి కలిపి ముద్దలు పెట్టడం మా ఇంటి ఆచారం. మొదటి ముద్ద నా చేతిలో పెట్టింది, కాయలు తెచ్చినవాణ్నని. తిన్నాను. చాలా బాగుంది. ఏమీ కాదులే, బాగానే ఉంది కదా అని నాకు నేను చెప్పుకోవడం ఆ ముద్దతోనే మొదలైంది.

అమ్మ జూలై నెల మధ్యలో తిరిగొచ్చింది. మనవణ్ని గురించి రెండు మాటలు చెప్పి, కాళ్లు కడుక్కుని, సరాసరి కొట్టు గదిలోకి వెళ్లింది. అప్పడాలు చూసింది, కారం వేలికి రాసుకుని చూసింది, వడియాల డబ్బా మూత తీసి ఊపింది. "బాగా చేశావమ్మాయ్" అంది. మా వదిన మొహం వెలిగింది. తర్వాత, జూన్ నెలాఖర్లో వదిన చూసినప్పుడు బాగానే ఉన్న ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ విప్పింది. పైన తెల్లగా, దూదిలా బూజు. రెండోది విప్పింది. మూడోది. నాలుగోదాంట్లో ముక్క వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది.

"అల్లం వేశావా?"

"లేదత్తమ్మా."

"ఉప్పు?"

"మీ గిన్నెతోనే కొలిచిన. మూడో దినం తిరగగలిపిన. నూనె పైకి తేలిందాంక పోసిన. ఒట్టు."

మా వదిన నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేవాణ్నేమో అని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజం ఏమిటంటే చెప్పేవాణ్ని కాదు. అమ్మ జాడీకి గుడ్డ మళ్లీ కట్టి, కోపం లేకుండా, దాదాపు జాలిగా అంది: "కొందరి చేతికి ఊరగాయ నిలవదమ్మా. అదంతే. నీ తప్పేం లేదులే." తిట్టి ఉంటే మా వదిన తిరిగి ఏదో అనేది. ఈ మాటకు ఏమంటుంది? నాలుగు జాడీలూ పెరట్లో గొయ్యి తీసి కప్పెట్టాం. గొయ్యి తవ్వింది నేనే. వదిన కొంగు ముడి విప్పి తాళంచెవి ఇచ్చేసింది.

అక్కడితో ఆగలేదు. మా చర్చిలో నవంబరులో కోత పండుగ చేస్తారు. ఎవరింట్లో పండినది, వండినది వాళ్లు తెచ్చి ఆవరణలో బల్లల మీద పెడితే వేలం వేస్తారు. ఏటా అమ్మ ఆవకాయ జాడీ ఒకటి వెళ్లేది. దానికోసం పోటీ పడేవాళ్లు. ఆ ఏడు జాడీ రాలేదేం అని స్త్రీల సమాజంలో ఎవరో అడిగారు. "ఈసారి మా కోడలు పెట్టింది. దాని చేతికి నిలవలేదు" అంది అమ్మ. ఓ పాతిక మంది ఉంటారు అక్కడ. మా వదిన పిల్లను ఎత్తుకుని అమ్మ పక్కనే నిలబడి ఉంది. ఆ తర్వాత ఏ ఇంట్లో పెళ్లికి పచ్చళ్లు పెట్టినా ఆమెను ఉల్లిపాయలు తరగడానికి పిలిచారు తప్ప కలపడానికి పిలవలేదు.

మరుసటి మే నెలలో నేను ఇంకా పెద్ద తప్పు చేశాను. మా వదిన ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. అమ్మ జాడీలు అమ్మ పెట్టుకుంది. వదిన మాత్రం తన పుట్టింటి నుంచి ఆరు గాజు సీసాలు తెచ్చుకుని, తనే వెళ్లి కాయలు కొట్టించుకొచ్చి, ఆరింటిలో ఆరు రకాలుగా ఆవకాయ పెట్టింది. ఒకదాంట్లో కిందటేటి దుకాణంలోదే ఉప్పు, ఒకదాంట్లో వేరే ఉప్పు. ఒకదాంట్లో అదే మిల్లులో ఆడించిన ఆవపిండి, ఒకదాంట్లో ఇంట్లో దంచినది. ఆఖరి రెండింటిలో నూనె మార్చింది. ఒక్కోదాని మీద కాగితం అంటించి రాసింది. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవాలని. ఆరింటినీ చెక్క గరిటెతోనే కలిపింది. అత్తగారన్న మాట ఆమెకు అడ్డం పడింది, సీసాల్లో చెయ్యి పెట్టలేదు.

ఆగస్టులో నన్ను పిలిచి ఆరు సీసాలూ కిటికీ గట్టు మీద వరసగా పెట్టి చూపించింది. ఆరూ ఎర్రగా, నూనె తేలి, శుభ్రంగా ఉన్నాయి. ఆమెకు సంతోషం కలగాలి. కలగలేదు. "ఉప్పు మంచిగనే ఉంది, పిండి మంచిగనే ఉంది, నూనె మంచిగనే ఉంది" అని ఒక్కో సీసా ముట్టుకుంటూ చెప్పింది. "ఇగ మిగిలింది నా చెయ్యే తమ్మీ. అత్తమ్మ కరెక్టే చెప్పింది." అలా అని కుడిచేతిని తిప్పి చూసుకుంది, ఎవరిదో వస్తువు చూసినట్టు.

నేను అక్కడే ఉన్నాను. అడుగు దూరంలో. "ఆఫీసుకు టైమైంది వదినా" అన్నాను.

ఏళ్లు గడిచాయి. నాకు పెళ్లయింది, వేరే ఇంటికి మారాను. అమ్మ మోకాళ్లు పట్టేసి గోడ పట్టుకుని నడిచే స్థితి వచ్చినప్పుడు తాళంచెవి మళ్లీ వదినకు వచ్చింది. ఇవ్వక తప్పలేదు, ఇచ్చింది. "గరిటెతో కలుపు" అని ఒక్క మాట చెప్పి ఇచ్చింది. రెండేళ్లకు అమ్మ పోయింది. చివరి రోజుల్లో అమ్మకు గంజిలోకి మా వదిన పెట్టిన నిమ్మకాయ తప్ప మరేదీ సహించలేదు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఇప్పుడెందుకు ఆవిణ్ని బాధపెట్టడం అనుకున్నాను. ఎదుటివాళ్ల బాధ గురించి ఎంత ఆలోచించేవాణ్నో!

మా వదిన కాలెండరు ఒక్క నెల కూడా తప్పలేదు. అమ్మ రాతకు తన రాత చేర్చింది. నవంబరులో ఉసిరికాయ పక్కన వాళ్ల పద్ధతి తొక్కు, మేలో ఆవకాయ పక్కన అల్లం ఆవకాయ. ఏ జాడీ ఎన్నడూ చెడలేదు. కోత పండుగకు మాత్రం ఎప్పుడూ గుమ్మడికాయో, కోడిగుడ్లో పంపేది. ఊరగాయ పంపలేదు. బేసినులో అన్నం కలిపి ముద్దలు పెట్టడం ఆ ఇంట్లో ఆగిపోయింది. ఏటా కాలెండరు మారినప్పుడు పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి 'చేత్తో కలపరాదు' అన్న ఆ వాక్యం ఎక్కేది, రెండు గీతలతో సహా.

ఆ వాక్యాన్ని ఇంకో ఇంటికి వెళ్లనివ్వకూడదు అనుకుని నేను కార్ఖానా వెళ్లింది మే మొదటి శనివారం. అన్నయ్య రిటైరయ్యాక పొద్దంతా పేపరు చదవడమే ఉద్యోగం. వరండాలో అదే చేస్తున్నాడు. వదిన కింద చాప మీద కూర్చుని మామిడికాయలు తుడుస్తోంది. నేనూ ఒక గుడ్డ తీసుకుని కూర్చున్నాను. నాలుగు కాయలు తుడిచాక చెప్పాను.

"వదినా, ఆ ఏడు ముక్కలు తడిశాయి."

ఏ ఏడు అని ఆమె అడగలేదు. చేతిలో కాయ అలాగే ఉంది.

"ఎంతసేపు?"

"పావుగంట."

"ఒక సంచా, రెండా?"

"రెండూ."

"ఈడ వాన పడలే కదా?"

"స్టేషన్ దగ్గర పడింది. చాయ్ తాగుతూ కూర్చున్నాను. తర్వాత ఫ్రెండ్ గదిలో ఆరబెట్టి తెచ్చాను."

ఆమె కళ్లు మూసుకుంది. "టెంక" అంది. "టెంక నీళ్లు తాగుతది. మీద ఎంత తుడిచినా లోపలుంటది. చల్లగున్నయ్... నేనన్న కదా చల్లగున్నయని!" రోగం పేరు ఇన్నాళ్లకు దొరికినట్టు ముందు తల ఊపింది. కోపం తర్వాత వచ్చింది. "ఆరు సీసాలు పెట్టిన. ఆరు! పిచ్చిదాని లెక్క చీటీలంటించి పెట్టిన. నువ్వు ఆడనే నిలబడ్డవ్."

"నిలబడ్డాను."

"ఏమన్నవ్? ఆఫీసుకు టైమైందన్నవ్."

ఆమెకు అది కూడా గుర్తుంది. పేపరు కిందికి దిగింది. "ఒరేయ్, నువ్వా చేసింది!" అన్నాడు అన్నయ్య. "నువ్వు పేపరు చదువుకోవయ్యా, ఇది నా ముచ్చట" అంది వదిన. పేపరు మళ్లీ పైకి లేచింది.

ఎందుకు చెప్పలేదని అడిగింది. మొదట అమ్మకు భయపడ్డానని చెప్పాను. ఆ తర్వాత, అప్పుడు చెప్పలేదు గనక ఇప్పుడు ఎలా చెప్పడం అని ఏటికేడు భయపడ్డానని చెప్పాను. అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు. మాఫ్ చెయ్యి వదినా అన్నాను.

"నాకు చెప్తె ఏమొస్తది?" అంది. కాయ తుడవడం మళ్లీ మొదలుపెట్టింది. "నా చెయ్యి గిట్ల అని అత్తమ్మ నాకొక్కదానికి చెప్పలే. కోత పండుగ నాడు అందరి ముందల చెప్పింది. నువ్వు సుత ఆడనే చెప్పు. నిలబడి, గట్టిగ చెప్పు."

"చెప్తాను. ఈసారి చేత్తో కలుపుతావా?"

"ముందు నువ్వు చెప్పు. తర్వాత చూద్దాం" అని గోడకు ఆనించి ఆరబెట్టిన చెక్క గరిటె వైపు చెయ్యి చాచింది. "ఆ గంటె ఇటియ్యి."

మే నుంచి నవంబరు వరకు ఆరు నెలలు. అంత పొడుగు ఆరు నెలలు నేనెప్పుడూ గడపలేదు. చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని చింపేశాను, మళ్లీ రాశాను. రాసిన ప్రతిసారీ వాన మీదో, స్నేహితుడి మీదో, వయసు మీదో ఓ వాక్యం దానంతట అదే దూరేది. కొట్టేస్తూ పోతే చివరికి చాలా చిన్నదే మిగిలింది. మధ్యలో రెండుసార్లు వదిన ఫోన్ చేసింది. "యాదికుందా?" అని అడిగి పెట్టేసేది.

కోత పండుగ నాడు ఆవరణలో షామియానా వేశారు. బల్లల మీద గుమ్మడికాయలు, చెరకు గడలు, కేకులు, కాళ్లు కట్టేసిన కోళ్లు. మా వదిన ఆటో దిగి, గుడ్డ కట్టిన జాడీ ఒకటి తెచ్చి బల్ల చివర పెట్టింది. మా వదిన పెట్టిన ఆవకాయ ఆ బల్ల ఎక్కడం అదే మొదటిసారి. దాని వంతు రాగానే వేలం పాడే పెద్దాయన జాడీ ఎత్తబోతుంటే నేను లేచి రెండు నిమిషాలు మాట్లాడతానన్నాను. స్త్రీల సమాజం పాత సభ్యురాళ్లు ముందు వరసలో కుర్చీల్లో ఉన్నారు. ఆనాటివాళ్లలో మిగిలింది ఏడెనిమిది మంది. వాళ్ల వైపు తిరిగి చెప్పాను.

"ఒకప్పుడు మా ఇంటి నుంచి ఒక ఏడు ఈ జాడీ రాలేదు. మా కోడలి చేతికి ఊరగాయ నిలవదని మా అమ్మ ఇక్కడే చెప్పింది. అమ్మ తెలియక అంది. మామిడి ముక్కలు వానలో తడిపింది నేను. తడిశాయా అని మా వదిన అడిగితే లేదన్నాను. జాడీలు చెడిపోయినప్పుడు ఊరుకున్నాను. ఆమెను అనుమానించినప్పుడు ఊరుకున్నాను. ఆమె తన చేతిని తనే అనుమానించుకున్నప్పుడు కూడా ఊరుకున్నాను. ఆ చేతిలో ఏ లోపమూ లేదు. తప్పు నాది. వదినా, అందరి ముందూ అడుగుతున్నాను, నన్ను క్షమించు."

ముందు వరసలో ఒక ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని పక్కావిణ్ని అడిగింది, అందరికీ వినబడేంత గట్టిగా: "అంటే ఆ అమ్మాయి చెయ్యి మంచిదేనా?" "మంచిదేనండి" అన్నాను. ఆ అమ్మాయికి అప్పుడు నలభై ఆరేళ్లు. వెనక వరసలో కూతురి పక్కన కూర్చుని, ఒళ్లో కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉంది. కన్నీళ్లేం పెట్టుకోలేదు. నేను వెళ్లి ఎదురుగా నిలబడితే తలెత్తి చూసింది. "ఉసిరికాయలొచ్చినయంట. సోమవారం పోయి పట్కరా. తొక్కు చేత్తోనే కలుపుత" అంది. నేను వెనక్కి తిరుగుతుంటే, "మొగులు చూసుకుంట రా తమ్మీ" అంది.

కాయలన్నీ ఏటా తిరిగొస్తాయి గనక చెప్పడానికి వచ్చే ఏడు ఉందిలే అనుకుంటూ నేను అన్నేళ్లు దాటేశాను. మామిడికాయలు ప్రతి మే నెలకూ వచ్చాయి గానీ, ఈ మాట అందరికంటే ముందు వినాల్సిన మా అమ్మ మాత్రం ముందు వరస కుర్చీలోకి తిరిగి రాలేదు.